బంగాళాఖాతం అడుగున మండే మంచు

◆ చూడ్డానికి అచ్చం ఐసు ముక్కే. తెల్లగా ఉంటుంది, పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే మాత్రం భగ్గున అంటుకుంటుంది. పైన మంట లేస్తుంటే కింద పళ్లెంలోకి నీళ్లు బొట్టుబొట్టుగా కారుతుంటాయి. నిజానికి మండేది మంచు కాదు, అందులో ఇరుక్కున్న మీథేన్. పట్టణాల్లో పైపులైన్ల ద్వారా ఇళ్లకు వచ్చే గ్యాసులోనూ, ఆటోల్లో పోసే సీఎన్‌జీలోనూ ఉండేది ముఖ్యంగా ఈ వాయువే. చల్లదనం, పీడనం రెండూ కలిసొచ్చిన చోట నీటి అణువులు గూళ్లు కట్టుకుంటాయి. 46 నీటి అణువులకు 8 గూళ్లు. ఒక్కో గూట్లో ఒక్కో మీథేన్ అణువు ఒదిగిపోతుంది. దీన్నే మీథేన్ హైడ్రేట్ అంటారు.

◆ ఒక ఘనపు మీటరు హైడ్రేట్ పూర్తిగా కరిగితే మామూలు పీడనం దగ్గర దాదాపు 164 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది. దానితో పాటు సుమారు 0.8 ఘనపు మీటర్ల నీళ్లు మిగులుతాయి. అవి ఉప్పునీళ్లు కావు, మంచినీళ్లు! గూడు కట్టుకునేటప్పుడు నీరు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. సముద్రగర్భంలోంచి తీసిన బురదలో హైడ్రేట్ ఎంత ఉండిందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు వాడే ఉపాయాల్లో ఇదొకటి. బురదను పిండి, ఆ నీళ్లలో ఉప్పు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఎంత చప్పబడితే అంత హైడ్రేట్ కరిగిపోయిందని లెక్క. మంచు మాయమైపోయినా ఆనవాలు మిగులుతుందన్నమాట.

◆ దీన్ని మంచు అంటున్నాం గానీ ఇది ఉండడానికి సున్నా డిగ్రీల చలి అక్కర్లేదు. పీడనం గట్టిగా ఉంటే చాలు, పది పదిహేను డిగ్రీల వెచ్చదనంలోనూ గడ్డకట్టే ఉంటుంది. బంగాళాఖాతంలో వెయ్యి మీటర్ల లోతున నీరు ఆరేడు డిగ్రీలుంటుంది. నెత్తిన వాతావరణానికి వంద రెట్లు బరువుంటుంది. హైడ్రేట్‌కు అది హాయైన చోటు. అయితే సముద్రపు అడుగు నుంచి ఇంకా కిందికి దిగేకొద్దీ భూమి లోపలి వేడి పెరుగుతుంది. కొన్ని వందల మీటర్లు దిగేసరికి ఎంత పీడనం ఉన్నా ఆ వేడికి గూళ్లు నిలవవు. అందుకే ఇది సముద్రపు అడుగుకు కాస్త కింద, ఒక పలచని పట్టీలో మాత్రమే దొరుకుతుంది. ధ్రువాలకు దగ్గరగా, ఏడాది పొడవునా నేల గడ్డకట్టి ఉండే సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడాల్లో భూమి మీద కూడా ఉంది. మంచినీటి సరస్సుల్లో రష్యాలోని బైకాల్ ఒక్కదాని అడుగునే హైడ్రేట్ ఉన్నట్టు తేలింది.

◆ ఈ రకం పదార్థాన్ని మొదట ప్రయోగశాలలోనే చూశారు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ క్లోరిన్, నీరు కలిసి గడ్డకట్టడం గమనించాడు. మీథేన్ హైడ్రేట్‌ను 1888లో ఫ్రాన్సులో విల్లార్ తయారు చేశాడు. ఆ తర్వాత చాలా కాలం ఇది గాజు గొట్టాల్లోని వింతగానే ఉండిపోయింది.

◆ 1930లలో అమెరికాలో గ్యాస్ పైపులైన్లు ఉన్నట్టుండి పూడుకుపోయేవి. లోపల నీళ్లు గడ్డకట్టాయేమో అనుకుంటే, పైపు అంత చల్లగా ఉండేది కాదు. 1934లో హామర్‌ష్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అసలు సంగతి పట్టుకున్నాడు. పైపులో అడ్డం పడ్డది మంచు కాదు, హైడ్రేట్. ఇంధనంగా పనికొస్తుందన్న ఊహ పుట్టకముందే ఇది ఇంధన కంపెనీలకు తలనొప్పిగా పరిచయమైంది. ఆ తలనొప్పి ఈనాటికీ ఉంది. కాకినాడకు దక్షిణాన గాడిమొగ ఒడ్డుకు లోతు సముద్రం నుంచి గ్యాస్ తెచ్చే, కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్‌లోని కేజీ–డీ6 క్షేత్రం పైపుల్లో కూడా గ్లైకాల్ అనే రసాయనం కలుపుతారు. అది లేకపోతే చల్లని సముద్రపు అడుగున గ్యాసు, నీరు కలిసి పైపులోనే హైడ్రేట్ కట్టేస్తాయి. అంటే ఆ ఒడ్డున కొందరు ఇంజినీర్లకు హైడ్రేట్ పుట్టకుండా చూడడం రోజువారీ పని. ఆ ఒడ్డుకు ఎదురుగా ఉన్న సముద్రంలోనే పుట్టి ఉన్న హైడ్రేట్‌ను ఎలా కరిగించాలా అని మరికొందరు ఆలోచిస్తున్నారు.

◆ ప్రకృతిలో హైడ్రేట్ నిల్వలుంటాయని 1960లలో గట్టిగా చెప్పినవాళ్లు సోవియట్ శాస్త్రజ్ఞులు. వారిలో యూరీ మకగోన్ పేరు ముందు వస్తుంది. పశ్చిమ సైబీరియాలోని మెస్సోయాఖా గ్యాస్ క్షేత్రంలో పైపొరలోని హైడ్రేట్ కరిగి కింది గ్యాసులో కలుస్తోందని అప్పట్లో వాదించారు. ఎంత కలిసిందన్న దాని మీద వాదన ఇంకా తెగలేదు. 1982లో గ్లోమర్ చాలెంజర్ అనే పరిశోధన ఓడ గ్వాటెమాలా తీరంలో తవ్వి, మీటరు పొడవున్న హైడ్రేట్ కడ్డీని బయటికి తీసింది. సముద్రం అడుగున ఇది ముద్దలుగా కూడా ఉంటుందని ప్రపంచం కళ్లారా చూసింది అప్పుడే.

◆ ఇక మన దగ్గరి సంగతి. గోదావరి, కృష్ణ లక్షల ఏళ్లుగా ఒండ్రును మోసుకెళ్లి బంగాళాఖాతంలో కుమ్మరిస్తూనే ఉన్నాయి. ఆ ఒండ్రుతో పాటు ఆకూ అలమూ, చచ్చిన జీవుల అవశేషాలూ వెళ్తాయి. గాలి చొరని ఆ బురదలో సూక్ష్మజీవులు వాటిని తిని మీథేన్‌ను వదులుతాయి. కృష్ణా–గోదావరి బేసిన్ హైడ్రేట్‌లోని మీథేన్ ప్రధానంగా ఇలా సూక్ష్మజీవులు చేసిందేనని పరీక్షల్లో తేలింది. పాపికొండల మధ్యనుంచి పారిన వరద నీటి బురదకు, సముద్రం అడుగున మండే మంచుకు ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

◆ తవ్వకుండానే హైడ్రేట్ జాడ తెలుసుకునే పద్ధతి ఒకటుంది. ఓడ నుంచి నీళ్లలోకి ధ్వని తరంగాలు పంపి, అడుగు పొరల నుంచి వచ్చే ప్రతిధ్వనిని రాసుకుంటారు. హైడ్రేట్ ఉన్న పొరలో ధ్వని వేగంగా పోతుంది. దాని కింద గ్యాసు బుడగలుంటే నెమ్మదిస్తుంది. ఆ రెండూ కలిసే చోట ప్రతిధ్వని బలంగా, తిరగబడి వస్తుంది. రికార్డులో ఆ ప్రతిధ్వని గీసే గీత సముద్రపు అడుగు ఎలా ఎగుడుదిగుడుగా ఉంటే అలాగే నడుస్తుంది. మట్టి పొరల వాలుతో దానికి నిమిత్తం లేదు. మన దేశపు సముద్రాల్లో ఈ గీతల కోసం పాత చమురు అన్వేషణ రికార్డులన్నీ తిరగేసిన సంస్థల్లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ ముఖ్యమైనది. కేంద్ర ప్రభుత్వం 1997లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం మొదలుపెట్టింది. సముద్రం లేని హైదరాబాదులో కూర్చుని, కాగితాల మీది గీతల్లో కేజీ, మహానది, అండమాన్ ప్రాంతాలను గుర్తుపట్టినవాళ్ల పేర్లు మన పిల్లల పాఠాల్లో ఎందుకు లేవో నాకు అర్థం కాదు.

◆ గీతలు చూసి ఊరుకుంటే కుదరదు, తవ్వి చూడాలి. 2006 ఏప్రిల్ చివర జాయిడెస్ రిజల్యూషన్ అనే అంతర్జాతీయ పరిశోధన ఓడ మన జలాల్లోకి వచ్చింది. ఆగస్టు దాకా 113 రోజుల పాటు కేరళ–కొంకణ్, కృష్ణా–గోదావరి, మహానది, అండమాన్ ప్రాంతాల్లో 21 చోట్ల 39 బోర్లు వేసింది. కేజీ బేసిన్‌లో పదో నంబరు స్థలం దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల నీటి కింద ఊహించనిది తగిలింది. దాదాపు 128 మీటర్ల మందాన మట్టి పగుళ్ల నిండా హైడ్రేట్! సముద్రంలో అప్పటిదాకా దొరికిన అత్యంత సాంద్రమైన నిల్వల్లో ఇదొకటని ప్రపంచవ్యాప్తంగా చెప్పుకున్నారు.

ఆ నమూనా పైకి వచ్చే ఘట్టం చూడదగ్గది. ప్లాస్టిక్ గొట్టంలో బిగిసి ఉన్న మట్టి కడ్డీ డెక్కు మీదికి చేరేసరికి నెత్తిన ఉన్న నీటి బరువు పోయింది, బయట బంగాళాఖాతపు ఎండ. లోపలి హైడ్రేట్ అప్పటికే కరగడం మొదలుపెడుతుంది. గ్యాసు ఉబ్బి మట్టిని గొట్టం చివర్ల నుంచి తోసేస్తుంది. అలా జరగకుండా గొట్టానికి గబగబా రంధ్రాలు వేస్తారు. ఈలోగా పరారుణ కెమెరాను గొట్టం పొడవునా నడిపిస్తారు. హైడ్రేట్ కరిగేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది కాబట్టి అది ఉన్న చోట గొట్టం మిగతా భాగం కంటే చల్లగా ఉంటుంది, తెరమీద వేరే రంగులో కనిపిస్తుంది. ఆ రంగు కనబడ్డ చోట కోసి, ముక్కను ద్రవ నైట్రోజన్ డబ్బాలో పడేస్తారు. ఇదంతా నిమిషాల మీద జరగాలి. చేతిలో తెల్లని ముక్క చిటపటమంటూ నురగలు కక్కుతుంటే, చూసేవాళ్లు ఎంత చదువుకున్నవాళ్లైనా చిన్నపిల్లలైపోతారు.

◆ అదే యాత్రలో అండమాన్ దగ్గర ఇంకో వింత. అక్కడ హైడ్రేట్ అగ్నిపర్వతాల బూడిద పొరల్లో ఇరుక్కుని ఉంది. అదీ సముద్రపు అడుగు నుంచి సుమారు 600 మీటర్ల కింద. అంత కింద హైడ్రేట్ నిలవడం చాలా అరుదు. అక్కడి నేలలో లోతుకు దిగినా వేడి నెమ్మదిగా పెరగడం వల్ల అది సాధ్యమైంది.

◆ మరి 128 మీటర్ల నిల్వ దొరికితే గ్యాసు ఎందుకు తియ్యలేదు? ఈ ప్రశ్న దగ్గరే చాలా వార్తాకథనాలు ఆగిపోతాయి. నా దృష్టిలో ఈ విషయంలో తెలుసుకోవలసిన ముఖ్య సంగతి ఇక్కడే మొదలవుతుంది. పదో నంబరు స్థలంలో హైడ్రేట్ ఉన్నది బంకమట్టి పగుళ్లలో. బంకమట్టిలో గ్యాసు కదలదు. ఒకచోట కరిగించినా పక్కనున్నది బావి దాకా రాదు. పైగా పగుళ్లను పట్టి ఉంచుతున్నది ఆ హైడ్రేటే. దాన్ని కరిగిస్తే మట్టి మెత్తబడి కుంగుతుంది. గ్యాసు తియ్యాలంటే హైడ్రేట్ ఇసుకలో ఉండాలి. ఇసుక రేణువుల మధ్య సందుల్లోంచి గ్యాసు, నీరు నడవగలవు.

అందుకే 2015లో రెండో యాత్ర ఇసుకను వెతుక్కుంటూ వెళ్లింది. ఈసారి జపాన్ ఓడ చిక్యూ. మార్చి నుంచి జులై దాకా కేజీ, మహానది లోతు జలాల్లో 25 చోట్ల 42 బోర్లు. నీటి లోతు 1,500 మీటర్ల నుంచి 2,800 మీటర్ల దాకా. పురాతన కాలంలో నదుల ఇసుక సముద్రం అడుగున కాల్వలు కట్టి పారిన జాడలను ముందే గుర్తించి, అక్కడే తవ్వారు. కేజీ బేసిన్‌లో మందమైన ఇసుక పొరల్లో హైడ్రేట్ దండిగా దొరికింది. 2016 జులైలో అమెరికా భూవిజ్ఞాన సంస్థ ఈ సంగతి ప్రకటించినప్పుడు హిందూ మహాసముద్రంలో ఉత్పత్తికి వీలైన హైడ్రేట్ దొరకడం ఇదే మొదటిసారని చెప్పింది. మొదటి యాత్రలో దొరికిన దానికంటే ఈ రెండోదే విలువైనదని నా అభిప్రాయం. మొదటిది హైడ్రేట్ ఉందని చూపింది. రెండోది ఎక్కడ తీయవచ్చో చూపింది.

◆ ఇక అందరూ చెప్పుకునే పెద్ద అంకె. భారతదేశపు సముద్రాల్లో 1,894 లక్షల కోట్ల ఘనపు మీటర్ల హైడ్రేట్ గ్యాస్ ఉండవచ్చని ఒక అంచనా ఏళ్లుగా ప్రచారంలో ఉంది. దేశం ఇప్పుడు ఏడాదికి వాడుతున్న సహజవాయువుతో భాగిస్తే పాతికవేల ఏళ్లకు పైగా వస్తుంది. అంత లెక్క చూసి ఉప్పొంగిపోకూడదు. అది మట్టిలో మొత్తం ఎంత ఉండవచ్చన్న ఊహ, తియ్యగలిగినంత కాదు. అందులో అత్యధిక భాగం బంకమట్టిలో పలచగా చెదిరి ఉన్నదే. ప్రపంచ అంచనాల కథ కూడా ఇంతే. 1970లలో వేసిన అంకెలకూ, బోర్లు వేసి చూశాక ఈ శతాబ్దంలో వేసిన అంకెలకూ వందల రెట్ల తేడా ఉంది. తవ్వినకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. తగ్గిన లెక్క కూడా తక్కువేం కాదు.

◆ హైడ్రేట్ నుంచి గ్యాసు తీయడానికి బొగ్గులాగా తవ్వుకోవడం కుదరదు. ఉన్నచోటే కరిగించాలి. వేడినీళ్లు పంపడం ఒక దారి. కెనడా ఉత్తరాన మెకంజీ నది డెల్టాలోని మాలిక్ దగ్గర 2002లో అలా చేసి చూశారు. గ్యాసు వచ్చింది గానీ వేడికయ్యే ఖర్చుకు అది చాలదు. రెండో దారి పీడనం తగ్గించడం. బావిలోని నీళ్లను పంపుతో పైకి లాగేస్తే కింద బరువు తగ్గుతుంది, గూళ్లు వాటంతటవే విడిపోతాయి. ఇప్పుడు అందరూ నమ్ముకున్నది ఈ పద్ధతినే.

దీని చరిత్ర అంతా ఇసుకతో కుస్తీ. మాలిక్ దగ్గర 2007లో పీడనం తగ్గించి చూస్తే, గ్యాసుతో పాటు ఇసుక కూడా బావిలోకి వచ్చిపడి ఒక్కరోజైనా గడవకముందే ఆపాల్సి వచ్చింది. 2008 చలికాలంలో జల్లెడ అమర్చి మళ్లీ చేస్తే ఆరు రోజులు ఆగకుండా వచ్చింది. 2013 మార్చి 12న జపాన్ ఆగ్నేయ తీరంలోని నంకాయ్ ట్రఫ్‌లో, వెయ్యి మీటర్ల నీటి కింద నుంచి చిక్యూ ఓడ గ్యాసు తీసి ఓడ మీదే మండించి చూపింది. సముద్రపు హైడ్రేట్ నుంచి గ్యాసు తియ్యడం ప్రపంచంలో అదే మొదలు. ఆరు రోజుల్లో దాదాపు 1,20,000 ఘనపు మీటర్లు వచ్చాక మళ్లీ ఇసుక అడ్డం పడింది. 2017లో అక్కడే రెండు బావులతో ప్రయత్నించారు. ఒక బావి 12 రోజులకు ఇసుక వల్లనే ఆగింది. జల్లెడను వేరే విధంగా అమర్చిన రెండోది 24 రోజులు నడిచి రెండు లక్షల ఘనపు మీటర్లకు పైగా ఇచ్చింది.

హైడ్రేట్ కరిగితే ఇసుక ఎందుకు వస్తుందంటే, సముద్రపు అడుగున లేతగా ఉన్న ఆ ఇసుకను ముద్దగా పట్టి ఉంచే సిమెంటు ఈ హైడ్రేటే. దాన్ని తీసేస్తే ఇసుక విడిపోదా? మనం కోరుకునేదీ, నేలను నిలబెట్టేదీ ఒకటే పదార్థం. ఈ ఒక్క ముడి విప్పడానికే ఇరవై ఏళ్లుగా ఇంతమంది కష్టపడుతున్నారు.

◆ 2017 మే నెలలో చైనా దక్షిణ చైనా సముద్రంలోని షెన్‌హు ప్రాంతంలో, 1,266 మీటర్ల నీటి కింద నుంచి గ్యాసు తీసింది. 60 రోజుల్లో 3 లక్షల 9 వేల ఘనపు మీటర్లు. విశేషమేమంటే అక్కడ ఉన్నది మంచి ఇసుక కాదు, మెత్తటి ఒండ్రుమట్టి. అందులోంచి రాదనుకున్న గ్యాసు వచ్చింది. 2020లో బావిని అడ్డంగా తిప్పి తవ్వారు. 30 రోజుల్లో 8,61,400 ఘనపు మీటర్లు, అంటే రోజుకు సుమారు 28,700. మూడేళ్లలో ఇంత మార్పు చిన్న విషయం కాదు. అయినా పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. మన కేజీ–డీ6 క్షేత్రం 2023 ప్రాంతంలో రోజుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల మామూలు సహజవాయువు ఇచ్చింది. కేజీ–డీ6లో చాలా బావులున్నాయి, చైనా పరీక్షలో ఒకటే బావి. ఐనా వెయ్యి రెట్ల దూరం కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

◆ మీథేన్‌ను తీసి దాని గూట్లో కార్బన్ డయాక్సైడ్‌ను పెడితే? ఊహ అద్భుతమైనది. ఇంధనం చేతికొస్తుంది, వేడి పెంచే వాయువు నేలలోకి పోతుంది, గూడూ చెదరదు కాబట్టి నేల కుంగదు. 2012లో అలాస్కా ఉత్తర తీరంలో ఇగ్నిక్ సికుమి అనే బావిలో ఇది ప్రయత్నించారు. నైట్రోజన్ కలిపిన కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి పంపితే కొంత నిలిచింది, మీథేన్ కొంత వచ్చింది. పెద్దయెత్తున చేయడానికి ఇంకా చాలా దూరం ఉంది.

◆ ఈ మంచు మీద కాపురముండే పురుగులున్నాయి! 1997లో మెక్సికో సింధుశాఖలో 540 మీటర్ల లోతున, చిన్న జలాంతర్గామిలో దిగిన పరిశోధకులు హైడ్రేట్ దిబ్బ మీద గులాబీ రంగు పురుగులు కిక్కిరిసి ఉండడం చూశారు. రెండు మొదలు ఐదు సెంటీమీటర్ల పొడవు, చదునైన ఒళ్లు, రెండు పక్కలా తెడ్లలాంటి కాళ్లు. హైడ్రేట్ మీద గుంటలు చేసుకుని, అక్కడ పెరిగే బ్యాక్టీరియాను తింటూ బతుకుతున్నాయి. ఎండ పొడ తెలియని చోట, మీథేన్ ఆధారంగా సాగే బతుకు అది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణా–గోదావరి బేసిన్‌లో కూడా ఇలాంటి ఊటల జాడలు, వాటి చుట్టూ ఒకప్పుడు బతికిన ఆల్చిప్పల గుల్లలు కనుక్కున్నారు.

◆ 2000 సంవత్సరం చివర్లో కెనడా పశ్చిమ తీరంలో చేపలు పడుతున్న ఒక ఓడ వలలో చేపల బదులు టన్నుకు మించిన హైడ్రేట్ పడింది. డెక్కు మీద బుసబుస పొంగుతున్న తెల్లగడ్డలను చూసి హడలిపోయి వెనక్కి నీళ్లలోకే తోసేశారు. ఇది నీటికంటే తేలిక. అడుగు మట్టి పట్టి ఉంచినంతసేపే కింద ఉంటుంది, విడితే తేలి పైకి వస్తుంది. ఆ చోటు పేరు బార్క్‌లీ కాన్యన్. ఆ తర్వాత అక్కడి దిబ్బల మధ్య తిరిగే చిన్న యంత్రాన్ని, జర్మనీలో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా నడిపారు.

◆ 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి, 1,500 మీటర్ల లోతున బావి నుంచి చమురు ఎగజిమ్మింది కదా. దాన్ని పట్టడానికి సుమారు వంద టన్నుల ఉక్కు గుమ్మటాన్ని దింపారు. బావి మీద పెట్టగానే గ్యాసు, చల్లని నీరు కలిసి లోపలంతా హైడ్రేట్ కట్టి, పైనున్న దారిని మూసేసింది. పైగా అది తేలికైంది కాబట్టి గుమ్మటం తేలిపోయేలా తయారైంది. చేసేది లేక పక్కకు తీసి పెట్టారు. ఆ ప్రయత్నం విఫలమవడానికి హైడ్రేటే కారణం.

◆ భయాల సంగతి. బెర్ముడా ట్రయాంగిల్‌లో ఓడలు మునగడానికి హైడ్రేట్ గ్యాసే కారణమన్న కథ తెలుగు పత్రికల్లోనూ చాలాసార్లు వచ్చింది. గత 15 వేల ఏళ్లలో అక్కడ పెద్దగా గ్యాసు వెలువడిన దాఖలాలే లేవని అమెరికా భూవిజ్ఞాన సంస్థ తేల్చింది. నార్వే దగ్గర దాదాపు 8,150 ఏళ్ల కిందట స్టొరెగ్గా అనే చోట సముద్రపు అడుగు భారీగా జారి, స్కాట్లండు దాకా సునామీ వచ్చిన మాట నిజం. హైడ్రేట్ కరగడమే కారణమని మొదట అనుమానించారు. తర్వాతి పరిశోధనలు హిమానీనదాలు తెచ్చి పోసిన మట్టి బరువును ప్రధాన దోషిగా చూపాయి.

వాతావరణం విషయంలో భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. వందేళ్ల లెక్కన చూస్తే టన్ను మీథేన్, టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచుతుంది. సముద్రం వేడెక్కితే హైడ్రేట్ అంతా ఒక్కసారి కరిగి పైకి లేస్తుందా? 2017లో ఈ విషయం మీద వచ్చిన విస్తృత సమీక్ష, ఇప్పటికైతే హైడ్రేట్ నుంచి విడిన మీథేన్ గాలిలోకి చేరుతోందనడానికి గట్టి రుజువు లేదని చెప్పింది. దానికి కారణం కొంత నీళ్లు, కొంత సూక్ష్మజీవులు. బురదలో ఆక్సిజన్ లేకుండానే మీథేన్‌ను తినేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులు, వాటితో జట్టుకట్టిన బ్యాక్టీరియాలు ఉన్నాయని 2000లో అమెరికాలోని ఒరెగాన్ తీరపు హైడ్రేట్ రిడ్జ్ నమూనాల్లో చూశారు. అడుగు నుంచి లేచే మీథేన్‌లో పెద్ద భాగాన్ని అవే హరిస్తాయి. ఏ ఇంజినీరూ కట్టలేని వడపోత అది. మనం బావి తవ్వితే గ్యాసు ఆ వడపోతను తప్పించుకుని రాగలదు. అందుకని తీసే పద్ధతిలో లీకేజీకి తావుండకూడదు. తీసిన గ్యాసును కాల్చినా కార్బన్ డయాక్సైడ్ రాకతప్పదు. బొగ్గు కంటే నయం, సౌరవిద్యుత్తు కంటే మేలు కాదు.

◆ నెలరోజుల పరీక్షలు చూసి బావి ఏళ్ల తరబడి నడుస్తుందో లేదో చెప్పలేం. ఆ లోటు తీర్చడానికే అమెరికా, జపాన్ కలిసి అలాస్కాలోని ప్రూడో బే దగ్గర 2023 చివర్లో మొదలుపెట్టిన పరీక్షను 2024 వేసవి దాకా నడిపాయి. నేలమీది బావి కాబట్టి సముద్రపు ఓడ ఖర్చు లేదు, నెలల తరబడి ఆగి చూడగలిగారు. సముద్రంలో అంత ఓపిక చాలా ఖరీదైన వ్యవహారం.

◆ మన కేజీ బేసిన్‌లో ఇంతవరకు ఉత్పత్తి పరీక్ష జరగలేదు. స్థలాలు తెలుసు, ఇసుక పొరలు తెలుసు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్‌ఐఓటీ ఆరువేల మీటర్ల లోతుకు పనికొచ్చే రోసబ్ అనే జలయంత్రాన్ని తయారు చేసి, 2010లో హిందూ మహాసముద్రంలో 5,289 మీటర్ల దాకా దింపి చూసింది. కేజీ బేసిన్ హైడ్రేట్ ప్రాంతంలో కూడా దాన్ని నడిపింది. పరీక్ష పెట్టే రోజు వస్తే, దానికి కొన్నేళ్ల ముందు నుంచే ఆ అడుగున మీథేన్ ఎంత ఊరుతోందో, మట్టి ఎంత కదులుతోందో కొలిచి పెట్టుకోవాలి. పరీక్ష తర్వాత వచ్చిన మార్పు తెలియాలంటే ముందటి లెక్క ఉండాలి కదా. ఆ కొలతలు ఇప్పుడే మొదలుకావాలని, వాటి ఫలితాలు ఇంగ్లీషు నివేదికల్లోనే కాక తెలుగులో, కాకినాడ, అంతర్వేది జాలరులకు చేరేలా ప్రచురించాలని నేను కోరుతున్నాను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట రెండు నెలలకు పైగా ఆరకుండా మండితే రాత్రిళ్లు ఆ వెలుగులో గడిపిన ఊళ్లున్న సీమ అది. గ్యాసు గురించి వాళ్లు అడిగే ప్రశ్నలకు బోరు దిగక ముందే జవాబులు సిద్ధంగా ఉండాలి: ఇసుక వస్తే ఎవరు ఆపుతారు, ఎన్ని గంటల్లో, గ్యాసు లీకైతే ఎలా తెలుస్తుంది, ఆ సమయంలో వేటకు వెళ్లిన పడవల సంగతేమిటి?